మూయని రొమ్ము

మా ఆయన ఆదోని పత్తి మిల్లులో పనిచేసేవాడు. గుండెలో కవాటం చెడిపోయింది, మార్చాలన్నారు. కర్నూలు తీసుకెళ్లాం. ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికొచ్చి నన్నూ, మా అత్తనూ కూర్చోబెట్టాడు.

"కవాటం మార్చినామమ్మా. కానీ గుండె బాగా వాచింది. ఇప్పుడే కోసిన రొమ్ము ఎముకను దగ్గరికి లాగి కుట్టేస్తే గుండె నలిగిపోతాది. వాపు దిగేదాకా రొమ్ము మూయం."

మా అత్త ఆస్పరి పక్క పల్లె మనిషి. డాక్టరు మొహంలోకి చూసి, "యాడన్నా మనిషిని తెరిచి పెడతారా నాయనా?" అంది.

"పైన పల్చటి పొర కప్పినాం. మందుతో నిద్రపుచ్చినాం. నొప్పి తెలీదమ్మా."

మరునాడు నన్నొక్కదాన్నే లోపలికి పంపారు. మొహం ఉబ్బి, నోట్లో గొట్టంతో ఉన్న ఆ మనిషి మా ఆయనేనని చేతి మీది పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాను. రొమ్ము మధ్యన పొర. దాని కింద ఏదో లేస్తోంది, పడుతోంది. మనిషి నిద్రపోతున్నాడు, అది మాత్రం మేలుకునే ఉంది.

"మాట్లాడమ్మా" అంది నర్సు.

"పిల్లోళ్లు బాగుండారు" అన్నాను. మొహాన్ని చూసి కాదు, దాన్ని చూసే అన్నాను.

బయట అత్త అడిగితే, "నిద్రపోతాండాడు" అని మాత్రం చెప్పాను.

వాపు దిగింది. ఎముకకు తీగలు బిగించి మూశారు. బతికి ఇంటికొచ్చాడు. పత్తి దుమ్ము పడదని మా పుట్టిల్లు ఎమ్మిగనూరు చేరుకున్నాం. నేను మగ్గం నేస్తాను, ఆయన నూలు కండెలు చుడతాడు. జొన్న రొట్టె కడుపునిండా తింటాడు. అయినా ఆయన రొమ్ము మీదికి నా చెయ్యి పోదు. చర్మం కింద ఇంకా ఆ పొరే ఉందనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆయనే అడిగాడు. "ఏమ్మే, నన్ను ముట్టుకోవాలంటే బయపడతాండావు. ఆడ ఏం జూసినావు?"

"నీ గుండెను జూసినా."

ఆయన లేచి చొక్కా వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. ఇప్పుడు నడి ఎండాకాలంలో కూడా విప్పడు.

కొత్త కవాటం లోహంతో చేసింది. మగ్గం ఆగితే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. అప్పుడు ఆయన కండె చుట్టడం ఆపి నావైపు చూస్తాడు. నేను వెంటనే మళ్లీ మగ్గం ఆడిస్తాను.