మోకాళ్ల డాక్టరు చెప్పిన పాఠం

నేను పెద్దమనిషినైన రోజున చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అంతకుముందే జామకాయల కోసం పక్కింటి గోడ దూకాను కదా, లోపల ఏదో పగిలిపోయిందని తేల్చుకున్నాను. ఇంట్లో చెబితే గోడ దూకినందుకు తంతారని నోరు మూసుకున్నాను. నా ఇంకు పెన్ను ఎవరికి దక్కాలో కూడా నిర్ణయించేశాను. సాయంత్రానికి నాయనమ్మ కనిపెట్టి, వెక్కి వెక్కి ఏడుస్తున్న నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు. చాప మీద కూర్చోబెట్టి చేతిలో చిమ్మిలి ఉండ పెట్టింది. ఆ తర్వాత బాపట్లలో మా వీధి వీధంతా వినపడేలా మైకు సెట్టు పెట్టించి ఫంక్షన్ చేశారు. చదివింపుల్లో మా లెక్కల మాస్టారి పేరూ, ఆయన ఇచ్చిన స్టీలు గ్లాసూ మైకులో చదివారు. మళ్లీ ఆయన క్లాసులో తలెత్తి కూర్చోవడానికి నేను పడిన పాట్లు పగవాళ్లకి కూడా వద్దు.

అందుకే ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లో నా కూతురికి పదేళ్లు దాటి, కొన్న బట్టలు కొన్నట్టే పొట్టివైపోతుంటే నాకు ఒకటే పట్టుదల వచ్చింది. దీనికి అన్నీ ముందే తెలియాలి. భయమూ ఉండకూడదు, మైకూ ఉండకూడదు. ఇంతకంటే నేనేమీ కోరలేదు.

రెండువేల నాలుగో, ఐదో. పిల్లలకు శరీరంలో వచ్చే మార్పుల గురించి స్కూల్లో పాఠం చెబుతామన్నారు. ముందుగా తల్లిదండ్రులు వచ్చి ఆ వీడియో చూడమన్నారు. హమ్మయ్య, నా పని వాళ్లే చేస్తున్నారని సంబరపడ్డాను. ఇష్టం లేనివాళ్లు పిల్లల్ని ఆ పాఠానికి పంపక్కర్లేదని కూడా చెప్పారు. మావాళ్లకు ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

ఆ స్కూల్లో మేము ఐదు తెలుగు కుటుంబాలం. అందరం వెళ్లి పిల్లల బుల్లి కుర్చీల్లో గడ్డాలకు మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నాం. వీడియోలో బొమ్మల కుటుంబం ఒకటి ఒంటి మీద నూలుపోగు లేకుండా వరసగా నిలబడింది. టీచరమ్మ పుల్ల పట్టుకుని ఒక్కొక్కటీ చూపిస్తూ వివరించింది. మా ఆయన చివరిదాకా తన బూటు లేసు కట్టుకుంటూనే ఉన్నాడు. చివర్లో ప్రశ్నలు ఏమైనా ఉన్నాయా అని టీచరమ్మ అడిగితే, మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గారు లేచి కారు పార్కింగ్ గురించి అడిగారు.

ఆ ఆదివారం మా ఇంట్లో మీటింగు. పకోడీలు నావి, నిర్ణయాలు వాళ్లవి.

"ఇవన్నీ ఇంగ్లిషు వాళ్ల పద్ధతులండీ. మన పిల్లలకి మన పద్ధతిలో మనమే చెప్పుకుందాం" అన్నారు ప్రెసిడెంటు గారు.

అందరూ తలలూపారు. మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపాడు.

"మన పద్ధతంటే ఏంటండీ? చెప్పకపోవడమే కదా మన పద్ధతి" అన్నాను వంటింట్లోంచి. ఎవరూ వినిపించుకోలేదు. "సరే, ఎవరు చెబుతారు మరి?" అన్నాను గట్టిగా.

ఆ మాటతో పకోడీలు నమలడం కూడా ఆగిపోయింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. చివరికి చూపులన్నీ మూలన కూర్చున్న డాక్టరు గారి మీదకు తిరిగాయి. గుంటూరాయన, నెమ్మదస్తుడు, అక్కడి ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పనిచేసేవాడు.

"నాది మోకాళ్ల డిపార్ట్‌మెంటండీ" అన్నాడాయన కంగారుగా.

"డాక్టరే కదండీ. మోకాలికి కాస్త పైన, అంతే" అన్నారు ప్రెసిడెంటు గారు.

అలా మా ఐదిళ్ల పిల్లలూ స్కూల్లో ఆ పాఠం జరుగుతున్నంతసేపూ లైబ్రరీలో కూర్చుని అగ్నిపర్వతాల పుస్తకం చదువుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయనతో వారం పాటు ముక్తసరిగా మాట్లాడాను.

మా పాఠం కమ్యూనిటీ హాల్లో, పిల్లల తెలుగు గుణింతాల క్లాసు అయ్యాక జరిగింది. ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క, మర్యాద తప్పకుండా చూడటానికి వెనక వరసలో ప్రెసిడెంటు గారు. డాక్టరు గారు సంచీలోంచి ప్లాస్టిక్ మోకాలు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని మడుస్తూ, చాపుతూ, ఈ వయసులో ఎముకలు పొడుగవుతాయని, రాత్రిళ్లు కాళ్లు లాగుతాయని, భయపడక్కర్లేదని చెప్పాడు. నిజం చెప్పొద్దూ, మోకాలి గురించి అంత చక్కటి పాఠం నేను ఎక్కడా వినలేదు.

"మా అన్నయ్య గొంతెందుకు మారిపోయింది అంకుల్?" అన్నాడు ఒక పిల్లాడు.

డాక్టరు గారు ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. "అది కూడా ఎదుగుదలే బాబూ. ఇదిగో, ఇక్కడ ఎముక ఎదుగుతుంది కదా, అలాగే" అని మళ్లీ మోకాలి దగ్గరికే వచ్చాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాళ్ల గురించి విన్నాను గానీ, గొంతుకీ మోకాలికీ ముడిపెట్టగా చూడటం అదే. చివర్లో చెమట తుడుచుకుంటూ, "మిగతావి కూడా ఎదుగుతాయి. ఏ డౌటొచ్చినా సిగ్గుపడకుండా నన్ను అడగండి" అని ముగించాడు. ప్రెసిడెంటు గారు లేచి ఆయనకు శాలువా కప్పారు.

ఇక లాభం లేదు, నేనే చెప్పాలనుకున్నాను. అనుకోవడం తేలికే. కారులో పక్కన కూర్చోబెట్టుకుని, "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మొదలుపెట్టేదాన్ని. అది కళ్లింత చేసుకుని చూసేది. నేను నీళ్లు నమిలి, "హోంవర్కు చేశావా?" అనేదాన్ని. సూపర్ మార్కెట్లో ప్యాడ్లు పెట్టిన వరసలోకి కావాలనే తీసుకెళ్లి, చెప్పడానికి నోరు తెరిచి, బట్టల సబ్బు పొడి కొనుక్కుని వచ్చేదాన్ని. గర్భసంచి అనే మాట ఇంట్లో నోటితో ఎన్నడూ పలకలేదు, ఇప్పుడు ఎలా పలకాలి? ఇంగ్లిషులో చెబుదామంటే నా ఇంగ్లిషు ఆఫీసు మీటింగులకే చాలేది కాదు. చివరికి ఒక ప్యాకెట్టు కొని, మాటా పలుకూ లేకుండా దాని సాక్సుల సొరుగులో పెట్టేశాను. నా మీద నాకే రోత పుట్టింది. మా నాయనమ్మ కనీసం చిమ్మిలైనా పెట్టింది.

ఉగాది అదే హాల్లో చేశారు. ఇంటికో వంట తెచ్చి బల్లల మీద పెట్టారు. నేను పులిహోర వడ్డిస్తుంటే డాక్టరు గారు ఖాళీ ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లెమ్మా, నా డిపార్ట్‌మెంటు కాని కేసొకటి వచ్చింది. మీ అమ్మాయి. బాత్రూం దగ్గరుంది, నువ్వెళ్లు. ఏమీ విరగలేదు, అంతా మామూలేనని చెప్పాను" అన్నాడు గొంతు తగ్గించి.

గరిటె ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను. అది వీల్‌చైర్ వాళ్ల కోసం కట్టిన పెద్ద బాత్రూం తలుపు సందులోంచి చెయ్యి ఊపింది. లోపలికి దూరి గడియ పెట్టాను. చీకటిగా ఉంది. మా ఇంట్లో బాత్రూం లైటు తాడు లాగితే వెలుగుతుంది. ఇక్కడ కూడా గోడ పక్కన ఎర్ర తాడు వేలాడుతుంటే లాగాను.

అది లైటు తాడు కాదు. లోపల ఎవరైనా పడిపోతే సాయం కోసం లాగే తాడట. హాలంతా కుయ్యిమని మోగడం మొదలైంది. అదెలా ఆపాలో తెలియదు. నిమిషంలో సంఘమంతా తలుపు బయట ఉంది.

"లోపలెవరు? ఏమైంది?" ప్రెసిడెంటు గారి గొంతు.

"తలుపు బద్దలు కొట్టమంటారా?" మా ఆయన గొంతు.

నా కూతురు నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "మమ్మీ, ప్లీజ్. ఎవరికీ చెప్పకు" అంది.

నాకు బాపట్ల మైకు చెవిలో మోగింది. "నాకే! నాకు మోషన్స్ పట్టుకున్నాయి!" అని అరిచాను.

అంతే, బయట ఆనకట్ట తెగినట్టు అందరూ అందుకున్నారు.

"ఎన్నిసార్లయింది? నీళ్లగా ఉందా, జిగటగా ఉందా?" అని ప్రెసిడెంటు గారు.

"మజ్జిగలో మెంతులు వేసి మింగించాలండీ."

"మెంతులు కాదండీ, జీలకర్ర. పోయినేడు మా ఆవిడకి ఇలాగే పట్టుకుంటే మూడ్రోజులు వదల్లేదు."

"పెరుగు వడ తిందేమో. నాకూ తేడాగానే ఉంది."

"నా పెరుగు వడ తిని ఎవరికీ ఏమీ కాలేదు ఇంతవరకూ" అని ఒక ఆడగొంతు.

"ఫుడ్ పాయిజనింగ్ లాగుంది. జరగండి, గాలి ఆడనివ్వండి. అందరూ వెళ్లి భోజనాలు చేయండి" అన్నాడు డాక్టరు గారు, ఆ మహానుభావుడు.

పిల్లల ఎదుట గర్భసంచి అనే మాట అనలేని పెద్దమనుషులు నా పేగుల గురించి నోరారా మాట్లాడుకున్నారు. ఎవరో బయటున్న స్విచ్చులు కనిపెట్టి మోత ఆపారు, మాకు లైటూ వేశారు. నా కూతురు అరచేత్తో నోరు మూసుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. నేను కూడా కమోడ్ మూత మీద కూలబడి నవ్వాను. ప్యాడ్ అప్పటికే పెట్టుకుందట, సొరుగులో దొరికినప్పటి నుంచీ బ్యాగులో ఒకటి ఉంచుకుంటోందట. కడుపులో నొప్పి ఇంత గట్టిగా రావచ్చా అని తెలుసుకోవడానికి అంకుల్ దగ్గరికి వెళ్లిందట.

"నన్నెందుకు అడగలేదే?"

అది తన ఇంగ్లిషులో నెమ్మదిగా అంది: "నీకు భయం కదా మమ్మీ. ఆ మాట దాకా రాగానే నీ ముఖం మారిపోతుంది. నిన్ను భయపెట్టడం ఎందుకని."

నేను తన్నుతారని దాచుకున్నాను. ఇది నా మీద జాలితో దాచుకుంది. దాన్ని దగ్గరికి లాక్కుని, ఏడుస్తూనే మొదలుపెట్టాను. జామచెట్టు, గోడ, ఇంకు పెన్ను, లెక్కల మాస్టారి గ్లాసు, అన్నీ చెప్పాను. గర్భసంచి అన్నాను, పిడుగేమీ పడలేదు. నెల నెలా వస్తుందని, మొదట్లో తేదీలు కుదరవని, నొప్పికి వేడినీళ్ల సీసా పెట్టుకోవచ్చని, నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని, స్కూలూ ఈతా మానక్కర్లేదని చెప్పాను. అది మధ్యమధ్యలో ప్రశ్నలు వేసింది. తెలిసినవాటికి జవాబిచ్చాను, తెలియనివాటికి తెలియదన్నాను. ఫంక్షన్ ఉండదని మాటిచ్చాను.

తలుపు తీసేసరికి అందరూ ప్లేట్లు పట్టుకుని అక్కడే ఉన్నారు. అన్ని కళ్లూ నా మీదే. పక్కనున్న పిల్లని ఒక్కరూ చూడలేదు. ప్రెసిడెంటు గారి భార్య పెద్ద గ్లాసుడు మజ్జిగ అందించింది, అడుగున గుప్పెడు మెంతులు.

"గటగటా తాగెయ్యమ్మా" అంది.

తాగాను. నోరంతా చేదు.

"ఇంకో గ్లాసు తాగితే గానీ కట్టదు."

నా కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో గ్లాసు కూడా తాగాను.