గయ్యడి డోసు

పంతొమ్మిది వందల పన్నెండో సంవత్సరం, వానాకాలం. అప్పట్లో మా టెక్కలి, పలాస, ఉద్దానం అన్నీ గంజాం జిల్లాలోనే ఉండేవి. నేను టెక్కలి డిస్పెన్సరీలో కాంపౌండర్ని. అంటే డాక్టరుగారు కాగితం మీద రాసిన మందును కొలిచి, కలిపి, సీసాలో పోసి ఇచ్చేవాణ్ణి. ఎంత తోముకున్నా చేతి చేదు పోయేది కాదు, అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద చేదుగానే దిగేది. తల నెరిసేదాకా అదే పని చేశాను గనక ఎంతోమంది రోగులు గుర్తున్నారు. అయితే వాళ్ళలో మరపురానివాడు ఎవరని అడిగితే నేను చెప్పే పేరు, నేనెన్నడూ కళ్ళతో చూడని మనిషిది.

ఆ ఏడు మందస వైపు కొండల్లో చలిజ్వరాలు ముమ్మరంగా ఉన్నాయని కబురొచ్చింది. డాక్టరుగారు నా చేతికి క్వినైన్ పెట్టె ఇచ్చి పంపారు. క్వినైన్ అంటే ఒక చెట్టు బెరడునుంచి తీసే తెల్లటి పొడి. ఆ జ్వరానికి ఆ రోజుల్లో అంతకు మించిన మందు లేదు. పెట్టె మోయడానికి సముద్రపొడ్డు అక్కుపల్లి మనిషి నారాయుడు కావడి ఎత్తుకున్నాడు. పలాస దాకా బండి, అక్కణ్ణించి కాలినడక. దారిపొడుగునా జలగలు.

"ఇసకలో పుట్టినోణ్ణి, నన్నట్టుకొచ్చి కొండలెక్కించేత్తన్నారు. ఈ మోకాళ్ళు నాయి కావు బాబూ ఇంక" అని నారాయుడు ఒకటే సణుగుడు.

"నోరు నొప్పెట్టదట్రా నీకు?" అన్నాను.

"నోరు ఎంతదూరమైనా ఒస్తాది బాబూ, కాళ్ళే పైకి రానంటన్నాయి."

చేరిన ఊరు సవరలనే కొండజాతివాళ్ళ ఊరు. ఒకటే వీధి. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నింటికీ కలిపి ఒకటే పొడుగాటి అరుగు. దిగువన రాళ్ళతో గట్లు కట్టి మెట్లుమెట్లుగా దించిన వరి మళ్ళు. పై మడిలో నీళ్ళు నిండి కింది మడిలోకి దిగుతుంటాయి. పొద్దెక్కేదాకా మంచు, ఆ తర్వాత వాన. గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగితే సంతకు దిగే దారే ఉండదు. మేము వెళ్ళేసరికి ఊళ్ళో ఎవరింటా ఉప్పు కల్లు లేదు, చప్పటి సామల గంజి తాగుతున్నారు. నారాయుడు తనకోసం తెచ్చుకున్న ఉప్పు పట్టించిన ఎండుచేపల మూట విప్పి అరుగు మీద పెట్టేశాడు. అంతదాకా నన్ను తిట్టుకుంటూ వచ్చినవాడు వీడేనా అనిపించింది.

సుక్కమ్మ ఇల్లు వీధి చివర. పసుపు, అడ్డాకులు పలాస సంతలో అమ్ముకునే మనిషి గనక తెలుగు బాగానే మాట్లాడుతుంది. కొడుకు లచ్చడికి పదేళ్ళుంటాయి. కడుపులో బల్ల పెరిగి నా చేతికి రాయిలా తగిలింది. బల్ల అంటే ప్లీహం, మేము స్ప్లీన్ అంటాం. జ్వరం తిరగబెట్టినకొద్దీ అది పెరుగుతుంది. ఇంకోసారి తిరగబెడితే ఈ పిల్లాడు దక్కడని నాకు తెలిసిపోయింది. మిక్స్చర్ కలిపి, సీసాకి డోసు కాగితం అంటించాను. అది మెట్లలా కత్తిరించిన కాగితం ముక్క. పూటకి ఒక మెట్టు చొప్పున మందు దిగాలి. చదువు రానివాళ్ళకి కూడా అది తెలుస్తుంది.

మర్నాడు వెళ్ళి చూస్తే పూటపూటకీ రెండేసి మెట్లు దిగిపోయి ఉంది.

"ఏమ్మా, రెండేసి పోస్తున్నావా పిల్లాడికి? చెవులు దిమ్మెక్కిపోతాయి!"

"లచ్చడికి ఒకటే పోసినాను బాబూ."

"మరి రెండోది?"

ఆవిడ గోడవైపు చూపించింది. ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో గీసిన బొమ్మ. మనిషి, సూర్యుడు, చేతిలో విల్లు. దాని కింద ఆకు దొన్నె, నేలమీద తడి.

"రెండోది గయ్యడికి."

గయ్యడు ఆవిడ పెద్దకొడుకు. కిందటి వానల్లో ఇదే జ్వరంతో పోయాడు. ఆ బొమ్మ వాడి పేరున గీసిందే. వాళ్ళ నమ్మకం ప్రకారం ఏ రోగంతో పోయినవాడు అక్కడ కూడా ఆ రోగంతోనే బాధపడుతుంటాడు. ఒంటరిగా భరించలేక, తనకిష్టమైనవాళ్ళ దగ్గరికే వస్తాడు. వచ్చి ముట్టుకుంటే ఆ రోగం వీళ్ళకి తగులుతుంది. ఇందులో పగేమీ లేదు, ఉన్నదంతా ప్రేమే.

"తమ్ముడంటే పేనం బాబూ ఆడికి. ఒణుకొచ్చినప్పుడల్లా ఒచ్చి ఈడి పక్కలో తొంగుంతాడు. ఆడికి తగ్గకండా ఈడికెలాగ తగ్గుతాది, సెప్పు?"

నాకసలే ముక్కుమీద కోపం. పెట్టెలో మందు ఇంకో రెండు ఊళ్ళకి సర్దాలి. సగం ఇలా నేలపాలైతే లచ్చడికి చివరిదాకా చాలదు. మధ్యలో ఆపితే జ్వరం తిరగబెట్టక మానదు.

"చచ్చిపోయినవాడికి మందేమిటమ్మా, నీకేమైనా మతిపోయిందా?" అని అరిచేశాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "నీకు సచ్చిపోయినోలు లేరేటి బాబూ?" అని అడిగింది.

అరుగు మీద కూర్చున్న నారాయుడే చెప్పాడు. "ఉంది అప్పా. బాబుగారి కూతురు, నాలుగేళ్ళ గుంట. ఇదే జొరం. అప్పుడు బాబు ఈ పెట్టెట్టుకునే ఊళ్ళమ్మట తిరుగుతన్నారు."

"పేరేటి?"

"అన్నపూర్ణ" అన్నాను. రెండేళ్ళలో ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. ఇంట్లో మా ఆవిడా అనదు, నేనూ అనను.

"ఆ గుంటకి మందెవులిచ్చినారు?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా. నేను ఇల్లు చేరేసరికే..."

మిగతాది చెప్పలేక మళ్ళవైపు తిరిగి నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ వచ్చి నా వీపుమీద చెయ్యేసింది. తల్లిలా నిమిరింది కాసేపు.

తేరుకున్నాక మెల్లగా అడిగాను. "మా ఇళ్ళల్లో దేవుడికి నైవేద్యం పెట్టి, దాన్నే మేం తింటాం. అలాగే గయ్యడికి చూపించి లచ్చడికి పట్టరాదూ?"

"అమ్మో! ఆడి ఎంగిలి తాగితే ఆడి జొరం ఈడికొచ్చెయ్యదా?"

కాదనలేకపోయాను. రోగి తాగిన గ్లాసు ముట్టుకోవద్దని రోజూ అందరికీ చెప్పేవాణ్ణి నేనే కదా!

మడిగట్టు పక్కన నేలవేము మొక్కలు కనబడ్డాయి. మా అమ్మమ్మ జ్వరమంటే దాన్నే కాచి పోసేది. నాలుగు మొక్కలు పీకి, కాచి, ఖాళీ సీసాలో పోసి తెచ్చాను. మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. ఉన్నమాటే చెప్పాను.

"ఇది తెల్లమందు కాదమ్మా, నేలవేము. తెల్లమందు ఇద్దరికీ చాలదు. ఒంట్లో జ్వరం ఉన్నవాడికి అది ఉంచుదాం. గయ్యడికి ఇప్పుడు ఒళ్ళు లేదు కదా, వాడికి దీంతో తగ్గుతుందేమో చూడు."

ఆవిడ వేలు ముంచి నాలిక్కి రాసుకుని మొహం చిట్లించింది. తర్వాత నవ్వింది. "సిన్నప్పుడూ ఇంతే బాబూ, ఏ మందు పోసినా నాలిక మీద పడనిచ్చి ఊసేసీవోడు. ఆడికి సేదు తగిల్తే సాలు." సీసా అందుకోబోయి ఆగింది. "కాయితమేదీ? తమ్ముడి సీసాకి అంటించినావు, ఆడికొద్దా?"

కాగితం మెట్లు మెట్లుగా కత్తిరించి అంటించాను. పైన 'గయ్య, మూడు పూటలా' అని రాశాను కూడా. ఆ రాసిందేమిటని అడిగితే చదివి చెప్పాను. సీసాని రెండు చేతులా గుండెకి హత్తుకుంది.

ఆ పూటనుంచి లచ్చడి సీసా సరిగ్గా ఒక్కొక్క మెట్టే దిగింది. మేము పక్క ఊళ్ళు తిరిగి వచ్చేసరికి వాడు అరుగు మీద కూర్చుని, నారాయుడిచ్చిన ఎండుచేప కాల్చుకుని తింటున్నాడు.

చలికాలంలో ఒక ఉదయం సుక్కమ్మ డిస్పెన్సరీ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన లచ్చడు, బుగ్గలొచ్చాయి వాడికి. టెక్కలిదాకా నడిచే వచ్చారట.

"గయ్యడికి తగ్గిపోనాది బాబూ! సచ్చినోల్ని పలికించే మా ఊరి గురువమ్మ మీదకొచ్చి ఆడే సెప్పినాడు. 'ఒణుకు పోయింది, ఇంక ఆ సేదు నాకు పొయ్యకే అమ్మా' అని ఒకటే గోల" అంటూ నవ్వింది. కొంగులోంచి సీసా తీసింది. నేనంటించిన కాగితం ఇంకా ఉంది. "కడిగి, ఒచ్చేముందు కొత్తగా కాసినాను. ఇది నీ గుంటకి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేదైనా ఉంటే ఆ గుమ్మంలోనే నేర్చుకున్నాను. మందు అడిగేవాళ్ళు ఒక్క రోగికోసమే అడగరు. ఆ తర్వాత ఎవరికి సీసా ఇచ్చినా, "ఇంట్లో ఇంకెవరికి బాగులేదు?" అని అడిగేవాణ్ణి. పోయినవాళ్ళ పేర్లు చెప్పినా విసుక్కోకుండా వినేవాణ్ణి.

ఆ సాయంత్రం సీసా ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను. తిడుతుందో, ఏడుస్తుందో తెలియలేదు. సీసా చేతిలోకి తీసుకుని వాసన చూసి, తిరిగి ఇచ్చింది. పిల్ల ఎప్పుడూ ఆడుకునే కిటికీ దగ్గర మెజర్ గ్లాసు పెట్టి, గీతదాకా మందు పోశాను.

"ఉండండి" అంది మా ఆవిడ లేస్తూ. "మన అన్నపూర్ణ చేదు మింగదు. బెల్లం ముక్క తెస్తాను."