క్లైమాక్స్ బాబాయి చెప్పని సినిమా లేదు

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. క్లైమాక్స్ బాబాయి నోట్లో నువ్వుగింజ నానేది, ఆవగింజ నానేది, ఎవరింటి గుట్టయినా ఏళ్ల తరబడి నానేది. సినిమా చివర మాత్రం నానేది కాదు. టికెట్టు తీసుకున్నవాళ్లు రెండడుగులు వేశారో లేదో, "ఈ సినిమాకా? అసలు హంతకుడు డాక్టరండీ" అని చెప్పేసి, ఏమీ ఎరగనట్టు సూదిలో దారం ఎక్కించుకునేవాడు.

అయితే ఇందులో ఒక తిరకాసుంది. ఆయన చెప్పిన చివర ఒక్కనాడూ తెర మీది చివరతో కలిసిన పాపాన పోలేదు.

ఆయన ఊరి థియేటర్లో చిరిగిన సీట్లు కుట్టేవాడు. లాబీలో మెట్ల కింద ఒక బల్ల, దాని చుట్టూ ఊడదీసిన సీటు కవర్లు, స్పాంజి ముక్కలు, మధ్యలో ఆయన. పని ఎక్కువైతే ఆట నడుస్తుండగానే టార్చిలైటు పళ్ల మధ్య కరిచిపట్టుకుని వెనక వరసల్లో కుట్లు వేసేవాడు. అంటే ప్రతి సినిమా మొదటినుంచి చివరిదాకా చూసే ఉండాలి. అయినా చెప్పేది తప్పే.

ఒకసారి బ్యాంకు గుమస్తాకి, "హీరోయిన్ తల్లే ముఠా నాయకురాలు" అని చెప్పాడు. ఆట విడిచాక గుమస్తా తిన్నగా బల్ల దగ్గరికొచ్చాడు.

"బాబాయ్, ఆ సినిమాలో హీరోయిన్‌కి తల్లే లేదు."

"అందుకేగా ఎవరికీ అనుమానం రాలేదు" అన్నాడు బాబాయి తలెత్తకుండా.

మేనేజరు నెలకోసారైనా కోప్పడేవాడు. "సీట్లు కుట్టినట్టు నీ నోరు కూడా కుట్టుకోవయ్యా బాబూ" అనేవాడు. "కుట్టుకుంటానండీ, మీరు కాస్త దారం పట్టుకోండి" అని ఈయన సూది చేతికివ్వబోయేవాడు. ఇక ఆ పూటకి మేనేజరు లాబీలో కనిపించేవాడు కాదు.

బాబాయి సీట్ల కింద నిద్రపోతాడని కొందరు, రెండు మూడు సినిమాలు కలిపేసుకుంటాడని కొందరు అనుకునేవాళ్లు. ఏదైతేనేం, అలవాటైన ప్రేక్షకులు ఒక సూత్రం కనిపెట్టుకున్నారు. బాబాయి చస్తాడన్నవాడు బతుకుతాడు, బాబాయి మంచివాడన్నవాడు దొంగ. వీధి చివర బళ్లో పాఠాలు చెప్పే టీచరమ్మకి జంతువులకి ఏమైనా అయితే చూడలేని గుండె. ఆవిడ ముందుగా బల్ల దగ్గరికొచ్చి, "ఇందులో కుక్క బతుకుతుందా అండీ?" అని అడిగేది. "ఎక్కడండీ, పాపం చచ్చిపోతుంది" అని ఈయన నిట్టూర్చేవాడు. "హమ్మయ్య" అనుకుంటూ ఆవిడ లోపలికెళ్లేది.

ఈ గోలంతా టికెట్ల కిటికీ వెనకనుంచి చూసి, విసుక్కుని, నవ్వుకునే మనిషి కౌంటరమ్మ. ఆమెకి సినిమాలన్నీ చెవులతోనే పరిచయం. వీపు వెనక గోడకి ఆవల తెర. దెబ్బలు, పాటలు, ఏడుపులు అన్నీ గోడలోంచి వినబడేవి. బాబాయి ఆమెకి కూడా చివర చెప్పబోయేవాడు గానీ ఆమె చెవులు మూసుకునేది. "మీ అబద్ధాలు బయటివాళ్లకి చెప్పుకోండి, నేను ఇంటిమనిషిని" అనేది.

అలాంటిచోటికి ఆ గూఢచారి సినిమా వచ్చింది. అందులో ఒక కిరాయి హంతకుడు. నెత్తిన దెబ్బ తగిలి తనెవరో మరిచిపోతాడు. పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు, ఎవరు ఎందుకు తరుముతున్నారో అసలే గుర్తులేదు. పరిగెత్తి, దూకి, తన్ని, తన్నించుకుని, ఆఖరికి తన ఇల్లు వెతుక్కుంటూ వెళ్తాడు. తలుపు తీసింది అతని పెళ్లాం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మాటల్లేవు, సంగీతం లేదు. అతను వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. అంతే, శుభం.

ఆమెని గుర్తుపట్టి వెళ్లిపోయాడా, పట్టక వెళ్లిపోయాడా? ఊళ్లో జనం రెండు ముక్కలయ్యారు. బయటికొచ్చేవాళ్లని అభిప్రాయం అడగమని మేనేజరు కౌంటరమ్మకి పురమాయించాడు. అడగడమే తరువాయి.

"పేరు మర్చిపోయాడు గానీ ఎడంకాలి తన్ను మర్చిపోలేదు చూశారా, అదీ సాధనంటే" అన్నాడు కరాటే మాస్టారు. "నా దగ్గర చేరినవాళ్లకి పేరు గుర్తుంటుంది, తన్నే గుర్తుండదు."

"దవడ మీద అన్ని గుద్దులు తిన్నాడు, ఒక్క పన్నయినా కదిలిందా?" అన్నాడు పళ్ల డాక్టరు. "ఇలాంటివి చూసే జనం మా దగ్గరికి రావడం మానేశారు."

"మతిమరుపంటే మా ఆయనదండీ" అంది ఒకావిడ. "పాలకని వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చి, నేనెందుకెళ్లానే అంటారు. కాకపోతే ఈయన ఎవర్నీ చంపలేదు, అదొక్కటే తేడా." వెనకే నిలబడ్డ మొగుడు, "ఎవర్ని?" అన్నాడు.

చివరి సంగతి అడిగితే మాత్రం, కొత్తగా పెళ్లయినవాళ్లు గుర్తుపట్టాడనేవాళ్లు. ఆమెకి ఆపద రాకూడదని గుండె రాయి చేసుకుని వెళ్లిపోయాడని వాదించేవాళ్లు. కాపురాలు ముదిరినవాళ్లు, "పట్టలేదమ్మా, చూస్తుంటే తెలియట్లేదూ" అనేవాళ్లు. కౌంటరమ్మ అందరినీ అడుగుతూనే ఉంది. మేనేజరు కోసం అడుగుతోందనుకున్నారు గానీ, ఆమె తన కోసమే అడుగుతోంది.

ఆమెకి ఒక అక్కయ్య ఉంది. తల్లి పగలంతా పనికి పోతే చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఆమధ్య అక్కకి తలలో గడ్డ తీశారు. ప్రాణం దక్కింది గానీ పెళ్లికి ముందటి సంగతులు తప్ప తక్కినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మొగుణ్ణి చూసి ఎవరో పెద్దమనిషి అనుకుంటోంది. "ఇన్నేళ్ల కాపురంలో నాకు మర్యాద దక్కడం ఇదే మొదలు" అని బావ నవ్వేవాడు. నవ్వి కళ్లు తుడుచుకునేవాడు.

చూడ్డానికెళ్లిన రోజు కౌంటరమ్మ తట్టుకోలేకపోయింది. "నేనక్కా, నేను, నీ చెల్లెల్ని" అని భుజాలు పట్టుకుని ఊపేసింది. అక్క గోడకి అతుక్కుపోయి, "ఈవిడెవరండీ, పంపించెయ్యండి" అని ఏడ్చింది. ఆ తర్వాత కౌంటరమ్మ ఆ గడప తొక్కలేదు. తొక్కాలని లేక కాదు, ప్రాణమంతా అక్కడే ఉంది. ఇంకోసారి ఆ చూపు చూడాల్సొస్తుందేమోనని భయం.

ఇప్పుడు బావ ఫోన్ చేశాడు. "మా అన్నయ్య ఉండే ఊరికి మారిపోతున్నామమ్మా. ఆదివారమే ప్రయాణం. ఈలోగా ఒక్కసారి వచ్చి కనపడు."

"నేను కనపడ్డా తనకి నేను కనపడను కదా బావా" అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం ఆట మొదలయ్యాక కిటికీ మూసి, బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. లోపలికెళ్లి తనే చూడొచ్చు. ధైర్యం చాల్లేదు.

"బాబాయ్, చివర్లో అతను ఆమెని గుర్తుపడతాడా?"

బాబాయి చేతిలో సూది ఆగింది. కౌంటరమ్మ తనంతట తాను చివర అడగడం ఎన్నడూ ఎరగడు.

"బావ ఫోన్ చేశాడా?" అన్నాడు, అక్క సంగతి ముందే ఎరిగినవాడు గనక.

"ఆదివారం వెళ్లిపోతున్నారట."

బాబాయి ఒక కుట్టు వేసి, దారం లాగి, ముడి బిగించాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు.

"పట్టడమ్మాయ్. పరాయి మనిషిని చూసినట్టు చూస్తాడు. వెనక్కి తిరిగే ముందు తలెత్తి ఆ ఇంటి నంబరు ఇంకోసారి చూసుకుంటాడు, ఇల్లు తప్పొచ్చానేమోనని. అప్పటికే జనం చెప్పులు వెతుక్కుంటూ లేచిపోతారు కాబట్టి ఎవరూ చూడరు."

కౌంటరమ్మ కిటికీ వైపు తిరగబోయింది. ఆ వెంటనే, చెప్తున్నది ఎవరో గుర్తొచ్చింది. పెదవుల మీద సన్నగా నవ్వు మొదలైంది.

"అంటే, పడతాడన్నమాట."

"పట్టడంటుంటే."

"మీరు పట్టడన్నారంటే పట్టినట్టే. మీరెప్పుడు సరిగ్గా చెప్పారు గనక."

"ఒట్టమ్మాయ్, పట్టడు."

"ఒట్టు కూడానా? అయితే ఇంక రూఢి" అని ఆమె చాలా రోజుల తర్వాత పైకి నవ్వింది. బాబాయి తల అడ్డంగా ఊపుకుంటూ మళ్లీ కుట్టులో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లింది. ముందుగదిలో కట్టిన పెట్టెలు, చుట్టిన పరుపులు. అక్క కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబులు మడతపెడుతోంది. తలెత్తి, "ఎవరండీ?" అంది.

కౌంటరమ్మ ఈసారి మీద పడలేదు. గుర్తుపడుతుందిలే, తొందరేముంది అన్న ధీమా ఆమెది. "ఇటుగా పోతూ కాసేపు కూర్చుందామని వచ్చానండీ" అంది.

"కూర్చోండి, దానికేం. ఆ గలీబు ఆ చివర పట్టుకోండి."

ఇద్దరూ చెరో చివరా పట్టుకుని మడతపెట్టారు. ఎండ గురించి, ఇంటి మెట్ల గురించి, ఇరుగుపొరుగు గురించి మాట్లాడుకున్నారు. కౌంటరమ్మ థియేటర్ సంగతులు చెప్తే అక్క పకపకా నవ్వింది. గలీబులైపోయాయి, దుప్పట్లు మొదలెట్టారు. గుర్తుపట్టే ఘడియ ఎప్పుడొస్తుందా అని కౌంటరమ్మ ఎదురుచూస్తూనే ఉంది.

"మీరు భలే వాగుతారండీ, ఏమనుకోకండి" అంది అక్క. "మీలాంటిదే ఒకతి ఉంది మా ఇంట్లో. మా చెల్లెలు. ఇంతుంటుంది." చెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపించింది.

కౌంటరమ్మ చేతిలో దుప్పటి జారింది. వంగి దాన్ని తీసుకుంటూ, "బాగా అల్లరా అండీ?" అంది.

"అల్లరని మెల్లగా అంటారేంటి. బడికెళ్లాలంటే దానికి కడుపునొప్పి. నేనే వీపున మోసుకెళ్లాలి. గేటు కనపడగానే దాని నొప్పి తగ్గేది, నా నడుంనొప్పి మొదలయ్యేది." నవ్వింది, ఆ నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. "ఈమధ్య రావట్లేదండీ. ఎక్కడ ఆడుకుంటోందో ఏమో. ఎవర్నడిగినా వస్తుందంటారు. అది కళ్లెదుట లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా ఉండదు."

"వస్తుందిలెండి" అంది కౌంటరమ్మ.

బయల్దేరుతుంటే అక్క గుమ్మందాకా వచ్చింది. "మేం వేరే ఊరు వెళ్తున్నామట. అక్కడికీ రండి. అది వచ్చాక మీ ఇద్దరినీ కలుపుతాను. మీకు బాగా కుదురుతుంది" అంది.

అక్క గుర్తుపట్టలేదు. కానీ ఇన్నాళ్లూ తనొక్కతే అక్క కోసం బెంగపెట్టుకుందనుకుంది. అక్కడ అక్క కూడా తన కోసమే బెంగపెట్టుకుని కూర్చుంది. కౌంటరమ్మ మెట్ల మీద నిలబడి ఏడ్చింది, నడుంనొప్పి మాట గుర్తొచ్చి ఆ ఏడుపులోనే నవ్వింది.

ఆ మధ్యాహ్నం కిటికీ మూసి, హాల్లోకి వెళ్లి, వెనక వరసలో బాబాయి కుట్టిన సీట్లోనే కూర్చుంది. చివర్లో పెళ్లాం తలుపు తీసింది. అతను చూశాడు. ఆ చూపు కౌంటరమ్మకి తెలియనిది కాదు. చుట్టూ జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. అతను తలెత్తి ఇంటి నంబరు ఇంకోసారి చూసుకుని, వెనక్కి తిరిగాడు.

ఆమె తిన్నగా బల్ల దగ్గరికొచ్చింది.

"ఇంటి నంబరు చూసుకున్నాడు బాబాయ్."

బాబాయి అటూ ఇటూ చూశాడు. "మెల్లగా అమ్మాయ్. ఎవరైనా వింటే నా పరువేం కాను."

"నిజం చెప్పారు మీరు."

"ఏదో నోరు జారింది."

"ఒట్టు కూడా వేశారు."

"ఉన్నమాటకి ఒట్టేస్తే తప్పులేదుగా." కవరు అటు తిప్పి ఇటు తిప్పి, ఇక తప్పదనుకుని చెప్పాడు. "వచ్చినవాళ్లకి ఉన్న చివర చెప్తే వాళ్లకి చూడ్డానికేం మిగులుతుంది? లేనిది చెప్తే ఒక్క టికెట్టుకి రెండు సినిమాలు. నీతో మాత్రం అబద్ధమాడటానికి నోరు రాలేదు. నువ్వు అక్కడికి వెళ్లాలి, నేను అబద్ధమాడకూడదు. రెండూ కుదిరే దారి అదొక్కటే కనపడింది."

"నేను నిజంగానే నమ్మేసి ఉంటే?"

"నన్నా?" అని నవ్వాడు బాబాయి. "నన్ను నమ్మినవాళ్లు ఈ థియేటర్లో ఎవరున్నారమ్మా? ఆ ధైర్యంతోనే చెప్పాను."

కవరు పక్కన పెట్టి, "అక్క గుర్తుపట్టిందా?" అని అడిగాడు.

"లేదు" అంది. దిండు గలీబుల దగ్గర్నుంచి గుమ్మం దాకా అంతా చెప్పింది. బాబాయి వింటున్నంతసేపూ సూది ముట్టుకోలేదు.

"నెలనెలా వెళ్దామనుకుంటున్నాను" అంది కౌంటరమ్మ.

"ఎవరినని చెప్పి?"

"స్నేహితురాలినని."

"చెల్లెలివని చెప్పవా?"

"చెప్తే భయపడుతుంది బాబాయ్. చెప్పకపోతే చెల్లెలి సంగతులు చెప్తుంది. నా మీద దానికెంత ప్రేముందో నాతో ఎప్పుడూ అనలేదు. వినాలనుంది."

సాయంత్రం ఆటకి జనం రావడం మొదలైంది. కౌంటరమ్మ కళ్లు తుడుచుకుని కిటికీ వైపు కదిలింది. వెనకనుంచి బాబాయి పిలిచాడు.

"ఈసారి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు. ఆ చెల్లెలి సంగతులు నాకూ బోలెడు తెలుసు, ఆవిడకి చెప్తాను."

"మీరు చెప్పేవన్నీ అబద్ధాలేగా."

"ఆవిడ దగ్గర అంత అవసరం ఉండదులే" అన్నాడు క్లైమాక్స్ బాబాయి, సూదిలో దారం ఎక్కించుకుంటూ. "నీ గురించి ఉన్నమాట చెప్తే చాలు, నవ్వీ నవ్వీ పడిపోతుంది."