దూలం మీద పెన్సిల్ గీత

పెన్సిల్ చెక్కిన వాసన వస్తే అందరికీ బడి గుర్తొస్తుందట. నాకైతే పగిలిన దూలం గుర్తొస్తుంది. కోరుట్లలో నేను ప్లాను గీసిన ఇంట్లో, దూలం మీద సన్నటి పగులు కనబడిందని ఇవాళ కబురొచ్చింది. పెన్సిల్ చెక్కుతూ కూర్చుంటే మా సార్ కళ్లముందు మెదిలారు.

సార్ పేరుమోసిన ఆర్కిటెక్టు. నగరాల్లో పెద్ద పెద్ద భవనాలు గీసి, చివరికి సొంత ఊరు జగిత్యాలలో ఆఫీసు పెట్టారు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. కంప్యూటర్లున్నా ఆయనకు పెన్సిలే కావాలి, అదీ బ్లేడుతో తనే చెక్కుకోవాలి. ఇంకెవరైనా ముట్టుకుంటే చిర్రెత్తుకొచ్చేది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సిరిసిల్లలో ఆయన గీసిన హాలు దాదాపు పూర్తయింది. చూడటానికి వెళ్లినప్పుడు దూలానికి వెంట్రుకంత పగులు కనబడింది. అది ఆగినచోట పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశారు. "గీ గీత దాటకపోతె ఉత్త పూత పగులు బిడ్డా. దాటిందంటె దూలమే కదులుతున్నట్టు" అన్నారు. మళ్లీ వెళ్లి చూద్దామంటే బస్సులు బంద్, దారి పొడుగునా రాస్తారోకోలు. ఆయనకు తిండి సయించలేదు, కునుకు పట్టలేదు.

అంతలో అక్కడి మేస్త్రి ఫోన్ చేశాడు. వానకు దీక్షా శిబిరం తడిసిపోయి జనమంతా ఆ హాల్లోకి వచ్చి కూర్చున్నారట. లేవమంటే, దీక్ష చెడగొట్టే ఎత్తులా అని అతని మీదే గయ్యిమన్నారట. సార్ ఉన్నపళంగా బయల్దేరారు. నా స్కూటీ వెనక కూర్చుని దారి పొడుగునా నా భుజం వదల్లేదు. రాస్తారోకో కుర్రాళ్లు ఆపినచోటల్లా జై తెలంగాణ అంటూ సాగిపోయాం.

హాలు నిండా ఆడవాళ్లు, పిల్లలు, సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆపి వచ్చిన నేత కార్మికులు. సార్ నిచ్చెన ఎక్కారు. పగులు గీత దాటి వచ్చేసింది. సిమెంటు మంచిది కాదని గుత్తేదారు మీదకు నెట్టేయొచ్చు. కానీ సార్ దిగి జనానికి చేతులు జోడించారు.

"ఇది గీసింది నేనే. తప్పు నాది. మీ కాళ్లు మొక్కుత, బయటికి నడువుండ్రి."

ముందు ఒక పెద్దమ్మ లేచింది. ఆమె వెనకే అందరూ వానలోకి వెళ్లారు. దూలం కింద ఆసరాగా వరసగా మొద్దులు నిలబెట్టించాకే సార్ బయటికి వచ్చారు.

దూలం పడలేదు. అందుకే ఊరు నవ్వింది. తప్పు ఒప్పుకున్న ఆర్కిటెక్టుకు ఆ తర్వాత పనులు రావడం మానేశాయి. అందరి ముందూ ఎందుకు ఒప్పుకున్నారని ఉక్రోషంతో అడిగేశాను. పెన్సిల్ చెక్కుతూ తలెత్తకుండానే అన్నారు.

"ఇజ్జత్ పోతె పోయింది బిడ్డా. గా పెద్దమ్మ ఇంటికి పోయింది గద."

ఇవాళ మధ్యాహ్నం కోరుట్ల వెళ్లి, పగులు ఆగినచోట గీత గీసి వచ్చాను. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. రేపు పొద్దున నిచ్చెన ఎక్కాలి. పగులు గీత దాటితే ఏం చెప్పాలో నాకు తెలుసు. నోరు పెగలాలి, అంతే.