గురప్ప అరుగెక్కాడు

గురప్పకు తుమ్మొచ్చినా సరే, చాప చుట్టి చంకన పెట్టుకుని వీధరుగు మీదికి వచ్చేసేవాడు. చావడానికి.

బెంగళూరు కబ్బన్‌పేటలో ఒంట్లో బాగాలేకపోతే అందరూ ఇంట్లోకి పోయి పడుకుంటారు. గురప్ప ఒక్కడే బయటికొచ్చి పడుకునేవాడు. చాప, తలగడ, నీళ్ళ చెంబు, చెంబులో తులసి రెమ్మ. ఇదీ సరంజామా. అన్నీ సర్దుకుని, దక్షిణానికి తల పెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పట్టు నూలు మూట కట్టుకుని పోతున్న పిల్లప్ప సైకిలు దిగేవాడు.

"ఏం గురప్పన్నా, ఈ పొద్దు పోతాండావా?"

"చూస్తాండానప్పా. కడుపులో గడబిడగా ఉండాది."

"రాత్రి ఏం తింటివి?"

"అనపగింజల సారు, రాగిముద్ద. మూడు ముద్దలే."

"మూడు ముద్దలు తిన్నోణ్ణి యముడొక్కడే ఎట్ల మోస్తాడన్నా? తోడుకు ఇంకొకణ్ణి పిల్చుకొస్తాడేమో."

"రానీ. అరుగు మీద చోటుండాది."

మధ్యాహ్నానికి కడుపు సర్దుకునేది. గురప్ప చాప చుట్టుకుని, ఏమీ జరగనట్టు లోపలికి పోయి, "అనసూయా, వడ్డిస్తావా?" అని కూతుర్ని అడిగేవాడు.

ఒకసారి కాడుగోడి నుంచి దూరపు చుట్టం ఒకాయన వచ్చాడు. పడమటి మలుపులోనే అరుగు మీది ఆకారాన్ని చూసి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి, కాళ్ళ మీద పడి గొల్లుమన్నాడు. ఆ ఏడుపుకు గురప్ప ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"ఎవరప్పా పోయింది?"

"నువ్వే కదన్నా!"

"నేనింకా లేదు. కూర్చో. ఎట్లా వచ్చినావు, కాఫీ తాగి పో."

ఈ తంతు చూసి వీధంతా నవ్వేది. నవ్వలేనివాడు అల్లుడు నాగరాజు ఒక్కడే. అతను హైస్కూల్లో సైన్సు మేష్టరు, కొత్తగా తండ్రయినవాడు. లోకంలోని క్రిములన్నీ తన కూతురు మునిలక్ష్మి కోసమే పుట్టాయని అతని గట్టి నమ్మకం. పాప నీళ్ళు రెండుసార్లు కాచాలి. పాపను ఎత్తుకునేవాళ్ళు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. అది ఆదమరిచి నిద్రపోతే ఇంకా భయం. ఊపిరాడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి చూసేవాడు. పాప తుమ్మి లేచి ఏడ్చేది. అప్పుడు గాని అతని ప్రాణం కుదుటపడేది కాదు.

అలాంటివాడికి అలాంటి మామ.

"మామా, ఈ చలిలో బయట పడుకుంటే న్యుమోనియా వస్తుంది."

"వస్తే సులువే కదప్పా. ఎట్లా అరుగు మీదే ఉండాను. మళ్ళీ లేచి వచ్చే పని లేదు."

"మీకే జబ్బూ లేదు. నాడి బ్రహ్మాండంగా ఉంది."

"నాడిని నమ్మకప్పా అల్లుడా. మా నాయన నాడి కూడా ఆఖరి దాకా బాగుండె."

ఆ ఏడు మార్గశిరంలో వేళాకోళం కాస్తా నిజమైంది. గురప్ప కాళ్ళు వాచాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. చాప కూడా అనసూయే మోసుకొచ్చి పరవాల్సి వచ్చింది. డాక్టరు వచ్చి చూసి, నాగరాజును లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు. అరుగు మీంచి కేక వినబడింది.

"డాక్టరప్పా! రోగం నాది. నాకు చెప్పండి."

డాక్టరు మొహమాటపడుతూ వచ్చి అరుగంచున కూర్చున్నాడు. "గుండె అలిసిపోయింది గురప్పా. ఆసుపత్రిలో చేర్చి సూదులు వేయిస్తే కొన్నాళ్ళు ఎక్కువ ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు. ఉన్నా మంచం మీదే."

"ఆ మంచం లోపలా, బయటా?"

"ఆసుపత్రి మంచం బయటెందుకు వేస్తారు? లోపలే."

"మా పాపను రానిస్తారా?"

"పసిపిల్లల్ని రానివ్వరు."

"మరి ఇక్కడే ఉంటే?"

"ఆయాసానికి మందిస్తాను. బాధ లేకుండా చూస్తాను. అంతకు మించి నా చేతుల్లో లేదు."

"అంతకు మించి నేను అడగలేదు కదప్పా. ఇక్కడే ఉంటా. ఈ అరుగు మీదే."

డాక్టరు వెళ్ళగానే నాగరాజు అందుకున్నాడు. "ఆసుపత్రి వద్దంటే సరే, అది మీ ఇష్టం. లోపలికన్నా రాండి. కిటికీ పక్కనే మంచం వేస్తాను."

"వద్దప్పా. లోపల ఊపిరాడదు."

"గాలిలో ఆక్సిజను లోపలా బయటా ఒకటే మామా! ఐదో వంతు!"

"సదివినోడివి, నువ్వు చెప్తే ఉంటాది. నాకు ఆ బయటి ఐదో వంతే ఇప్పించు."

మామ లోపలికి రాకపోతే లోపలినే బయటికి తెస్తానన్నాడు నాగరాజు. వెదురు తడికలు కొనుక్కొచ్చి అరుగు చుట్టూ బిగించి కట్టాడు. మంచం వేశాడు. కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసా పెట్టాడు. థర్మామీటరు వేలాడదీసి చూస్తే లోపలి గదికీ అరుగుకూ తేడా లేదు. విజయగర్వంతో పడుకున్నాడు.

తెల్లారి చూస్తే వీధి వైపు తడిక ఊడదీసి ఉంది. నాగరాజు మళ్ళీ కట్టాడు. మర్నాడు మళ్ళీ ఊడింది. పురికొసకు బదులు తంతి వాడాడు. గురప్ప ఆయాసపడుతూనే దాన్నీ విప్పాడు. నాగరాజుకు ఒళ్ళు మండింది.

"మీకేమన్నా మొండి రోగమా మామా? చలికి చచ్చిపోతారు!"

"పోయేదానికే కదప్పా వచ్చింది," అన్నాడు గురప్ప. తర్వాత నవ్వడం మానేసి, మంచం పట్టె మీద చేత్తో తట్టాడు. "ఇట్ల కూర్చో. అనసూయకు చెప్పొద్దు. అది నెలల బిడ్డగా ఉన్నప్పుడు మా నాయన నడింట్లో పోయినాడు. ధనిష్ఠా పంచకం, నక్షత్రం మంచిది కాదు, ఇల్లు పాడు పెట్టాలన్నారు. తాళం వేసి బయటపడితిమి. వానకాలం. పసిబిడ్డతో మగ్గాల కొట్టంలో ఉంటిమి. పైనంతా కారేది. నూలు తడుస్తాదని కప్పినోళ్ళుండారు గానీ బిడ్డ తడుస్తాదని అడిగినోళ్ళు లేరు. రాత్రుళ్ళు దాని ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చుంటి, ఊపిరాడతాందా లేదా అని."

నాగరాజు తన వేలు చూసుకున్నాడు.

"మీకు ఆ నక్షత్రాల మీద నమ్మకముందా మామా?"

"నాకు లేదప్పా. మన ఇంటి ఓనరుకుండాది. ఆదినారాయణప్ప పంచాంగం చూడందే గడ్డం గీయించుకోడు. ఈ యుద్ధకాలంలో, ఊరంతా సిపాయిలు దిగినాంక, మీకు ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతాది? పాపనెత్తుకుని ఎక్కడికి పోతారు?" గురప్ప కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఏ గడబిడ ఉత్తదో, ఏది నిజమో ముందుగా తెలిసేదెట్ల? అందుకే అన్నిటికీ బయటికొస్తాంటి."

నాగరాజు లేచి, తడికను తనే పైకి చుట్టి కట్టాడు. లోపలికి పోయి, స్కూలుకు వేసుకునే కోటు తెచ్చి మామకు తొడిగాడు. ఆ తర్వాత స్కూల్లో అతను చలికి వణుకుతూ ఆక్సిజను గురించి పాఠం చెప్పాడు.

ఒక పొద్దున ఎండ అరుగెక్కేవేళకు అనసూయ పాపను తాత రొమ్ము మీద కూర్చోబెట్టింది. పాప రెండు చేతులా మీసం పట్టుకుని లాగుతూ ఉంటే, గురప్ప కళ్ళు మూసుకుని నవ్వుతూ ఉన్నాడు. పాప ఎంత లాగినా "అబ్బా" అనకపోయేసరికి అనసూయకు అనుమానం వచ్చింది.

దహనం ముగించుకుని వచ్చి నాగరాజు కాళ్ళు కడుక్కుంటూ ఉండగానే ఆదినారాయణప్ప పంచాంగంతో సహా వచ్చి వీధిలో నిలబడ్డాడు.

"ఏమీ అనుకోవద్దు నాగరాజప్పా. పంచకంలోనే పోయినాడు. ఇల్లు పాడు పెట్టాల."

"ఆయన ఇంట్లో పోలేదు. బయట పోయాడు."

"ఇది బయటంటే ఎవరు నమ్ముతారప్పా? తడికలు, మంచం, గడియారం మాదిరి ఏందో వేలాడతాండాది. ఇది గదే!"

నాగరాజు తడికల వైపు చూశాడు. ఆ తడికలు కట్టింది తను. థర్మామీటరు వేలాడదీసింది తను. మామ కష్టపడి బయటికి పోతే, వెనకే గది కట్టి ఆయన్ని లోపల పెట్టినవాడు తను. అనసూయ పాపను గట్టిగా పొదువుకుంది. అంతలో వీధి వైపు తెరిచిన ఖాళీలోంచి ఒక మేక టకటకా లోపలికి నడిచింది. జంకూ గొంకూ లేకుండా మంచమెక్కి, తలగడ పక్కన మూతి పెట్టి వెతికింది. ఏమీ దొరక్క, తీరిగ్గా తడిక నమలడం మొదలుపెట్టింది.

"ఎవరిదిది? తోలండి!" అన్నాడు ఆదినారాయణప్ప.

"కొట్టొద్దండప్పా, అది మాది," అంటూ ఎదురింటి కదిరమ్మ వచ్చింది. "గురప్పన్న మంచమెక్కినప్పట్నుంచి దినామూ అవిసాకు పెట్టి దాన్ని మాలిమి చేసినాడు. 'నేనున్నా లేకున్నా నువ్వు మాత్రం రావల్ల. రేపు ఎవరన్నా వచ్చి ఇది ఇల్లంటే నువ్వే సాక్షి' అని దానికి చెప్తాంటే విని, ముసలాయనకు మతి పోయిందనుకుంటి."

ఆదినారాయణప్ప మేక వైపు చూశాడు. మేక ఆయన వైపు చూసి, ఇంకో వెదురు బద్ద పెరుక్కుంది.

నాగరాజు మేక వీపు మీద చెయ్యి వేశాడు. "మీ ఇంట్లో మేకల్ని పెట్టకూడదని బాడిగకు దిగినప్పుడే చెప్పారు, ఆదినారాయణప్పగారూ. ఇది గదే అంటారా, అయితే నేను తప్పు చేసినట్టే. బయటంటారా, మేక దారిన మేక పోతుంది."

ఆదినారాయణప్ప పెదవులు కదిలాయి. ఇల్లు మూస్తే ఎన్ని నెలల బాడిగ పోతుందో లెక్క చూసుకున్నట్టుంది. పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇల్లయితే మేకెట్ల వస్తాదిలేప్పా," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని నాగరాజు కంగారుగా దగ్గరికి పోయాడు. ఏడవడం లేదు. పాపను అతని చేతికిచ్చి, కదిరమ్మను గుప్పెడు అవిసాకు అడిగి తెచ్చి, సాక్షికి పెట్టింది.