నల్లమచ్చ లేని పురుగులు

మల్లట్ ఊళ్లో మా చిన్నమ్మ హులిగెమ్మ పట్టుపురుగుల షెడ్డులోకి ఎవరినీ రానివ్వదు. బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు కడగనిదే నన్ను కూడా. పోయినసారి పురుగులన్నీ కుళ్లిపోతే గుంట తీసి పూడ్చారు. ఆ భయం ఆమెను వదల్లేదు. ఈసారి కూడా పోతే మల్బరీ పీకి పత్తి పెడతానని చిన్నాన్న భీమప్ప తేల్చి చెప్పాడు. పత్తి విత్తనం సంచి అప్పుడే తెచ్చి పెట్టాడు. పత్తికి మందు కొట్టే రోజుల్లో చిన్నమ్మకు ఊపిరాడదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. పత్తి చేలో కూలికి పోయినప్పుడు గట్టు మీద ఆమె రొమ్ము పట్టుకుని కూర్చోవడం నేను చూశాను.

పురుగు తోలు మార్చుకోవడానికి కదలకుండా పడుకుంటే జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి పురుగులు లేచిన పొద్దున, ఆకు వేస్తున్న చిన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. కొన్నిటి వీపు మీద చిన్న నల్లమచ్చ ఉంది.

"మచ్చ ఉన్నయన్నీ ఏరి బకెట్ల ఎయ్యి, పారబోద్దాం. నున్నగ ఉన్నయి ఉండనీ" అంది.

ఆ నున్నటివాటిలో కొన్ని ఆకు ముట్టడం లేదు. ఉబ్బి, మెరుస్తూ ఒక తట్ట అంచు చుట్టూ తిరుగుతున్నాయి. చెబుదామనుకునేలోపే చిన్నమ్మ బకెట్ నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం పట్టు ఆఫీసు నుంచి సుమంగళ మేడం వచ్చింది. బకెట్లోని పురుగు కాలును సూదితో పొడిస్తే తేటగా ఒక చుక్క వచ్చి, కాసేపటికి నల్లబడింది. పురుగులు ఇరుకైతే ఒకదాన్నొకటి గీరుకుంటాయట. ఆ గాయంలో క్రిమి దూరితే, దాని పైపొర తగలగానే రక్తం గుర్తుపట్టి, చుట్టూ నల్లగా గట్టిపడి అక్కడే బంధిస్తుందట. ఆ కాపలాయే ఈ మచ్చ.

చిన్నమ్మ బకెట్ వైపు చూసింది. "మరి మచ్చ లేనియి?"

మేడం తట్ట అంచున తిరుగుతున్నదాన్ని పొడిచింది. పాలలాంటి చుక్క కారింది.

"పాలరోగం. ఈ క్రిమి ఒంట్ల కణాల లోపల్నే దాక్కొని పెరుగుతదమ్మా. రక్తానికి దొరకదు."

ఆ తట్టను సున్నం చల్లి పూడ్చాం. బకెట్లోవాటిని వేరే తట్టలో పలచగా పరిచాం. ఇప్పుడు చిన్నమ్మ పొద్దున్నే మచ్చల కోసం వెతుకుతుంది. మచ్చలు కనబడని తట్ట దగ్గరే ఎక్కువసేపు నిలబడుతుంది.

నిన్న చిన్నాన్న విత్తనం సంచి కట్టు విప్పబోయాడు.

"పురుగులు గూళ్లు కట్టేదాంక ఆగు" అంది చిన్నమ్మ. తర్వాత, నా వైపు చూడకుండా, "ఆ మందు వాసనకు నాకు ఊపిరి ఆడదు. శానా దినాలాయె" అంది.

ఆయన చెయ్యి కట్టు మీదే ఆగిపోయింది.