తలుపు దగ్గర సుభానీ

"లోపలికి తీసుకెళ్లి తలుపు మూసేస్తారు బాబాయ్. అప్పుడది 'నాన్నా' అని పిలిచినా నాకు వినపడదు."

దుర్గాప్రసాద్ ఈ మాట అన్నది గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో, చలిగది తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న సుభానీతో. ఎమ్మెస్సీ చదివిన దుర్గాప్రసాద్ అక్కడ సరుకు నాణ్యత చూసే ఉద్యోగి. ఐదేళ్ల కూతురు హేమశ్రీకి గుండెలో రంధ్రం. సోమవారం ఆపరేషన్.

నల్లపాడులో పుట్టిన సుభానీ మీసాలు రాకముందే మిర్చి టిక్కీలు మోయడం మొదలుపెట్టాడు. ఆ గోతాల ఘాటు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, అరవై దాటాక మాటమాటకీ దగ్గు. అతను వయసులో ఉండగా తలుపు దగ్గరి మనిషి బయటికొచ్చే హమాలీల తలలు లెక్కపెట్టేవాడు. చలికి అందరూ మొహాలకు తువ్వాళ్లు చుట్టుకునేవాళ్లు. ఒక వేసవిలో, ఎండకు తాళలేక చల్లదనం కోసం లోపల దూరిన లారీ క్లీనరు కూడా తువ్వాలు చుట్టుకుని హమాలీల ముఠాతో బయటికొచ్చాడు. లెక్క సరిపోయింది. తలుపు మూశారు. సుభానీతో కలిసి బరువులెత్తే అంకయ్య గోతాల వెనకే ఉండిపోయాడు. తెల్లారి తలుపు తీసేసరికి బిగుసుకుపోయి ఉన్నాడు.

ఆ తర్వాత సుభానీ తక్కువ కూలికే తలుపు పని అడిగి తీసుకున్నాడు. లెక్కపెట్టడు. పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచినవాడు తువ్వాలు దించి, మొహం చూపించి పలకాలి.

"ఏందిరా సుభానీ, మేమేమన్నా ఒకటో తరగతి పిల్లలమా?" అని ముఠాలోని రోశయ్య రోజూ దెప్పేవాడు.

"నువ్వు ఒకటో తరగతి దాటావని ఎవడన్నాడ్రా? పలుకు ముందు."

ఆ రోజు దుర్గాప్రసాద్ మాట విని సుభానీ, "పాపకేం చెప్పావు?" అని అడిగాడు.

"కుక్క కథ చెప్పాను."

హేమశ్రీకి రాకెట్ల బొమ్మలంటే ప్రాణం. 1957లో రష్యావాళ్లు లైకా అనే కుక్కను అంతరిక్షంలోకి పంపారు. భూమి చుట్టూ తిరిగిన తొలి ప్రాణి అదే. "తిరిగొచ్చిందా నాన్నా?" అంటే వచ్చిందన్నాడు దుర్గాప్రసాద్. నిజానికి ఆ నౌకలో దాన్ని దించే ఏర్పాటే లేదు. వేడికి కొన్ని గంటల్లోనే చచ్చిపోయింది. ఆ సంగతి బయటపడటానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. మూడేళ్ల తర్వాత వెళ్లిన రెండు కుక్కలు క్షేమంగా దిగాయి. వాటి రాకను అతను లైకాకు అతికించాడు. "అయితే నేనూ లైకాలాగే వెళ్లొస్తా," అంది పిల్ల నవ్వుతూ. అప్పట్నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

"రాదని ముందే తెలుసా వాళ్లకి?" అన్నాడు సుభానీ.

"తెలుసు."

"తలుపేసినోడికి?"

"తెలుసు. ముక్కు మీద ముద్దు పెట్టి మూశారంటారు."

సుభానీకి దగ్గు తెర వచ్చింది. తగ్గాక కళ్లు తుడుచుకుంటూ, "అది తోక ఊపే ఉంటుంది, పిచ్చిది," అన్నాడు. ఇంకేదో అనబోయేలోపు ముఠా బయటికొచ్చింది. లేచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

సోమవారం హేమశ్రీ నవ్వుతూనే లోపలికెళ్లింది. నొప్పి ఉండదన్నాడు తండ్రి, పక్కనే ఉంటానన్నాడు. మెలకువ వచ్చేసరికి ఒంటినిండా గొట్టాలు, చుట్టూ ముసుగుల మనుషులు. తర్వాత తండ్రిని చూపిస్తే గోడవైపు తిరిగింది. "నువ్వు లేవు," అంది ఒక్కటే మాట. ఇంటికొచ్చాక కూడా అతని చేత్తో మందు తాగలేదు. రెండు నెలలకు డాక్టర్లు రంధ్రం పూర్తిగా పూడలేదన్నారు, ఇంకోసారి కొయ్యాలన్నారు.

దుర్గాప్రసాద్ సుభానీ ఇంటికి వెళ్లాడు. అప్పటికి సుభానీ పని మానేశాడు, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. భార్య జమీలా గుమ్మంలోనే, "ఎక్కువ మాట్లాడించమాక బాబూ, ఆయాసం," అంది. పిల్ల మొహం తిప్పుకున్న సంగతి విని సుభానీ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆగి ఆగి నాలుగు మాటలు చెప్పాడు.

అది చెప్పిన వారానికే సుభానీ పోయాడు.

రెండో ఆపరేషన్ వచ్చే నెల. ఈసారి ఏమవుతుందో దుర్గాప్రసాద్‌కు తెలియదు. లైకా రాలేదని మాత్రం కూతురికి చెప్పేశాడు. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఊరుకోబెట్టలేదు, పక్కన కూర్చున్నాడు. సుభానీ చెప్పింది అదే మరి:

"నొప్పుంటే ఉందని చెప్పు. నువ్వు లోపలికి రాలేవనీ చెప్పు. నమ్మినోళ్లని నవ్విస్తా పంపమాక. ఏడవాల్సిందేదో తలుపుకి ఇవతలే ఏడవనీ బాబూ."